పొట్లం కాగితాలు

మొన్న ఆదివారం సాయంత్రం మావారు వీధి చివర బండి దగ్గర పునుగులు కట్టించుకొచ్చారు. పునుగులు పళ్ళెంలో పోసి, నూనె ఓడుతున్న పొట్లం కాగితాన్ని ఉండచుట్టి పారెయ్యబోతూ, అలవాటు కొద్దీ దాని మీద ఓసారి కళ్ళు పరిగెత్తించాను. అచ్చుకాగితం కనిపిస్తే చదవకుండా వదలలేని జబ్బు నాకు చిన్నప్పట్నుంచీ ఉంది. రెండో వాక్యం దగ్గరే గుండె గతుక్కుమంది. సుజాత కిటికీ మూసి ఉత్తరం చింపుతోంది! ఆ సుజాత ఎవరో కాదు, నా సుజాతే. ఆ కాగితం నా సీరియల్లో ఇరవై మూడో వారం తాలూకు పేజీ!

"చూశావా, పాఠకుల ఆదరణ లేదు లేదంటావు. నీ రచన వేడివేడిగా ఎలా చెల్లిపోతోందో!" అన్నారు మావారు. నన్ను ఆట పట్టించే అవకాశం దొరికితే ఆయన ఛస్తే వదలరు.

నవ్వాను గానీ, చెప్పొద్దూ, మనసు చివుక్కుమంది. ఆ పేజీ రాయడానికి మూడు రాత్రులు పట్టింది నాకు. ఉండచుట్టిన కాగితాన్ని బల్ల మీద పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయాను. పప్పు తాలింపు వేస్తూంటే ఉన్నట్టుండి ఒకాయన గుర్తొచ్చాడు. ఆయన పేరు ఫెలిక్స్ బ్రాక్మో. పారిస్‌లో రాగిరేకుల మీద బొమ్మలు చెక్కి అచ్చువేసే కళాకారుడు. నూట డెబ్భై ఏళ్ళ కిందటి మనిషి నా పోపుగిన్నె దగ్గరికి ఎలా వచ్చాడంటారా? అదీ పొట్లం కాగితం పుణ్యమే!

కథేమిటంటే, 1856లో ఈ బ్రాక్మో ఒక అచ్చాఫీసులో కూచుని ఉండగా, జపాన్ నుంచి పింగాణీ సామాను వచ్చిందట. పింగాణీ పగిలిపోకుండా చుట్టూ దట్టించిన కాగితాల్లో ఒక బొమ్మల పుస్తకం ఆయన కంటపడింది. కుస్తీ పట్టేవాళ్ళు, కప్పలు, చేపలు, వానలో పరిగెత్తే జనం, మూతులు వంకర్లు తిప్పే ముసలాళ్ళు... అది హొకుసాయ్ అనే చిత్రకారుడు 1814 నుంచి వెలువరించిన 'మాంగా' అనే బొమ్మల సంపుటాల్లో ఒకటి. బ్రాక్మో ఆ పుస్తకం కోసం పిచ్చివాడైపోయి, చాలాకాలం వెంటపడి మరీ ఒక ప్రతి సంపాదించుకున్నాడు. పొట్లం కాగితం మాట కట్టుకథేనని ఇప్పటి పండితులు కొట్టేస్తున్నారు గానీ, ఆ పుస్తకం ఆయన్ని పట్టుకున్న మాట మాత్రం నిజం. పదేళ్ళు తిరిగేసరికి, 1866లో, భోజనాల పింగాణీ సెట్టు ఒకదానికి బొమ్మలు వెయ్యాల్సి వస్తే, హొకుసాయ్ కోళ్ళనీ, చేపల్నీ, పువ్వుల్నీ తీసుకొచ్చి పళ్ళేల మీద కూచోబెట్టాడు. కోడి ఒక మూలకీ, పువ్వు ఒక పక్కకీ. నట్టనడుమ ఒక గులాబీ, చుట్టూ బంగారు గీత మాత్రమే ఎరిగిన ఆ ఊరికి అది వింతల్లో వింత.

ఈ సంగతులన్నీ నాకు తెలియడానికి కారణం మా ఆడపడుచు కూతురు. అది బోస్టన్‌లో ఉంటుంది. వచ్చినప్పుడల్లా చాక్లెట్లు తెచ్చే పిల్ల, "అత్తయ్యా, నువ్వు రచయిత్రివి కదా" అంటూ ఈసారి లావుపాటి బొమ్మల పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పడేసింది. పడమటి దేశాల వాళ్ళు జపాన్ బొమ్మల మోజులో పడిన వైనమంతా అందులో ఉంది. మధ్యాహ్నం పూట కునుకు తీద్దామని తెరిచిన పుస్తకం నా నిద్ర పోగొట్టింది. ఎందుకు పోగొట్టిందో చివర్లో చెప్తాను. అది కొంచెం సిగ్గుపడాల్సిన సంగతి.

ముందు ఆ బొమ్మలు ఎలా చేస్తారో చూడండి. చిత్రకారుడు పల్చటి కాగితం మీద గీస్తాడు. చెక్కేవాడు దాన్ని చెర్రీ చెక్క మీద బోర్లా అంటించి, గీతలు మాత్రం మిగిలేట్టు చెక్కుతాడు. రంగుకో చెక్క. అచ్చువేసేవాడు ఒక్కో చెక్కకీ రంగు పూసి, కాగితం పరిచి, చేత్తో రుద్దుతాడు. వీళ్ళందరికీ పైన డబ్బు పెట్టే ప్రచురణకర్త ఉంటాడు. చదువుతూంటే మా అమ్మమ్మగారి బందరు గుర్తుకొచ్చింది. టేకు చెక్కలో పువ్వు చెక్కడం, రంగుకో అచ్చు, గుడ్డ మీద పెట్టి చేత్తో ఒక్క గుద్దు గుద్దడం... అచ్చం మా బందరు అద్దకమే! గుడ్డకి బదులు కాగితం, అంతే తేడా.

ఆ బొమ్మలు వాళ్ళకేమీ గొప్ప కాదు. నాటకాల్లో వేషగాళ్ళవీ, కుస్తీవీరులవీ, అందగత్తెలవీ, పేరుపడ్డ చోట్లవీ. ఇంచుమించు ఒక గిన్నెడు సేమ్యా పులుసు ఖరీదుకి ఒకటి వచ్చేది. మన ఇళ్ళల్లో గోడకి సినిమాతార కేలండరు తగిలించుకున్నట్టు తగిలించుకునేవాళ్ళు. పాతబడితే తీసేసి ఇంకోటి. ఇప్పుడు సంచుల మీదా, కాఫీ కప్పుల మీదా కనిపించే ఆ పెద్ద అల బొమ్మ ఉంది చూశారూ, హొకుసాయ్ 1831 ప్రాంతంలో వేసింది, అదీ అలాంటి బొమ్మే. తమాషా ఏమిటంటే, అందులో అందర్నీ మురిపించే ఆ నీలం రంగు జపాన్‌ది కాదు. బెర్లిన్‌లో కనిపెట్టిన రంగు. ఓడల మీద అక్కడికి చేరి, బొమ్మై మళ్ళీ ఐరోపాకి వచ్చింది. ఐరోపావాళ్ళేమో అచ్చమైన తూర్పు అందమంటూ పరవశించిపోయారు. మన చింతపండు అమెరికా వెళ్ళి సీసాలో తిరిగొస్తే మనం మురిసిపోమూ, అలాగే!

రెండు వందల ఏళ్ళకి పైగా జపాన్ తలుపులు మూసుకుని కూచుంది. ఐరోపావాళ్ళలో ఒక్క డచ్చివాళ్ళని మాత్రం నాగసాకి దగ్గర చిన్న దీవిలో ఉండనిచ్చింది. 1853లో అమెరికా యుద్ధనౌకలు వచ్చి తలుపు తట్టాయి. తట్టడమేమిటి, గుద్దాయి. తెరవక తప్పలేదు. 1868లో పాత ప్రభుత్వం పోయి కొత్తది వచ్చింది. ప్రభువుల సంస్థానాలు పోయాయి. సమురాయ్‌లకిచ్చే భరణాలు ఆగిపోయాయి. 1876లో నడుముకి కత్తి పెట్టుకోవద్దని హుకుం వచ్చింది. నిన్నటిదాకా దర్జాగా బతికిన కుటుంబాలు కత్తిపిడి బిళ్ళలూ, లక్కపెట్టెలూ, తెరలూ బయటపెట్టి అమ్ముకున్నాయి. అందరూ పడమటి కోటుకీ టోపీకీ ఎగబడుతున్న రోజులు. తాతల సామాను ఎవరిక్కావాలి? స్టీలు గిన్నెలొచ్చిన కొత్తలో మనం ఇత్తడి బిందెలు తూకానికి వేసెయ్యలేదూ?

ఇటు పారిస్‌లో 1860 దాటగానే రివోలీ వీధిలో డెసోయ్ దంపతులు ఒక దుకాణం పెట్టారు. కొట్టుకి ప్రాణం ఆ ఇల్లాలే. ఆవిడ జపాన్‌లో ఉండి వచ్చిన మనిషి. సరుకు చూపిస్తూ కబుర్లు చెప్తూంటే చిత్రకారులు, కవులు, రచయితలు అక్కడే చేరేవాళ్ళు. 1864లో లండన్ నుంచి రోసెట్టి అనే చిత్రకారుడు కిమోనోలు కొందామని పనిగట్టుకుని వస్తే, అప్పటికే టిసో అనే ఇంకో చిత్రకారుడు ఉన్నవన్నీ ఊడ్చుకుపోయాడట! ఆషాఢం తగ్గింపు ధరల్లో మనం చెయ్యిపెట్టిన చీర పక్కావిడ లాక్కుపోయినప్పుడు ఎలా ఉంటుందో మనకి తెలియనిదా? ఆ సంగతి రోసెట్టి వాళ్ళమ్మకి ఉత్తరంలో రాసుకున్నాడు, పాపం.

ఆ తర్వాత ఇక పట్టపగ్గాల్లేవు. 1867లో పారిస్ మహాప్రదర్శనకి జపాన్ స్వయంగా సరుకు పంపింది. 1872లో ఫిలిప్ బ్యుర్తీ అనే విమర్శకుడు ఈ మోజుకి 'జపోనిజం' అని పేరు పెట్టాడు. మొనే అయితే 1876లో తన భార్య కమీల్‌కి ఎర్రటి కిమోనో కట్టించి, చేతికి విసనకర్ర ఇచ్చి, గోడ నిండా ఇంకా బోలెడు విసనకర్రలు తగిలించి నిలువెత్తు బొమ్మ వేశాడు. ఆ బొమ్మ ఇప్పుడు మా మేనకోడలుండే బోస్టన్‌లోనే ఉంది. కమీల్ నల్లజుట్టు కనబడకుండా బంగారు రంగు విగ్గు పెట్టించాడు, తను ఫ్రెంచి అమ్మాయేనని తెలియాలని. ఆ విసనకర్రల మధ్య ఆవిడ నవ్వు చూస్తూంటే, ఆ బరువైన బట్టలో ఎంతసేపు నిలబెట్టాడో మహానుభావుడు అనిపించింది నాకు.

ఈ దశలో చూసినవాళ్ళకి ఇదంతా వేషమే అనిపిస్తుంది. బొట్టు పెట్టుకుని పట్టుచీర కట్టిన విదేశీ వనితని పెళ్ళిపందిట్లో చూసి మనం ముచ్చట పడుతూనే మూతి తిప్పుకోమూ, అలాగ. కానీ తర్వాత జరిగింది వేరు. ఆ వేరుకి కారణం ఇద్దరు బేరగాళ్ళు.

మొదటాయన సీగ్‌ఫ్రీడ్ బింగ్. 1838లో హాంబర్గ్‌లో పుట్టి పారిస్‌లో స్థిరపడ్డ వ్యాపారి. జపాన్ వెళ్ళి తిరిగి సరుకు పోగేసుకొచ్చాడు. ప్రొవాన్స్ వీధిలో ఆయన కొట్టు. కింద షావుకార్లకి ఖరీదైన కూజాలు, పైన అటక మీద అగ్గువ బొమ్మల గుట్టలు. 1886లో పారిస్ చేరిన వాన్ గో ఆ అటక ఎక్కి గంటల తరబడి కూచునేవాడు. జేబులో డబ్బుల్లేవు. ఒక్కోటి నాలుగు కాసులకి దొరికే బొమ్మల్ని ఏరి ఏరి తమ్ముడూ తనూ కలిపి ఆరు వందల పైచిలుకు పోగేశారు. మళ్ళీ లాభానికి అమ్ముదామని 1887లో ఒక కాఫీ హోటల్లో ప్రదర్శన కూడా పెట్టాడు. వ్యాపారం సాగలేదు. బొమ్మలు మాత్రం కళ్ళల్లో సాగాయి. హిరోషిగే వేసిన వానలో వంతెననీ, పూసిన ప్లమ్ చెట్టునీ రంగుల్లో మళ్ళీ వేసుకుని నేర్చుకున్నాడు. అమ్ముడుపోని సరుకు ఎవరి చేతిలో ఏ విత్తనమవుతుందో చూడండి!

బింగ్ నిజంగా వ్యాపారే. కాదనను. కానీ కొట్లో కూచుని త్రాసు చూసుకోలేదు. 1888 నుంచి మూడేళ్ళపాటు ఫ్రెంచి, జర్మన్, ఇంగ్లీషు భాషల్లో జపాన్ కళ మీద ఒక మాసపత్రిక నడిపాడు. 36 సంచికలు. 1890లో పారిస్ కళాశాల హాల్లో ఏడువందల పైచిలుకు అచ్చుబొమ్మలతో ప్రదర్శన పెట్టాడు. మేరీ కసాట్ అనే అమెరికన్ చిత్రకారిణి దాన్ని చూసి పరవశించిపోయి, నువ్వు తప్పకుండా చూడాలంటూ తోటి చిత్రకారిణి బెర్త్ మొరిసోకి ఉత్తరం రాసింది. తర్వాత కసాట్ పది రంగుల అచ్చుబొమ్మలు వేసి 1891లో ప్రదర్శించింది. ఆ పది బొమ్మలూ చూసి తీరాలి మీరు. అందులో రాజులూ రాణులూ లేరు. బిడ్డకి స్నానం చేయించబోతూ తొట్టిలో చెయ్యిపెట్టి నీళ్ళ వేడి చూసే తల్లి. ఉత్తరం కవరుని నాలికతో తడిపి అంటించే ఆడమనిషి. దర్జీ మనిషి మోకాళ్ళ మీద కూచుని అంచు సరిచేస్తూంటే నిలబడ్డ ఇల్లాలు. మనం రోజూ చేసే పనులు, ఎవరూ బొమ్మలకి పనికొస్తాయనుకోని పనులు!

తల్లి బిడ్డకి పాలిస్తే, ఆడది అద్దంలో మెడ వెనక చూసుకుంటే అదీ బొమ్మే అని జపాన్‌లో ఉతమారో వందేళ్ళ ముందే వేశాడు. ఆ కాగితం సముద్రాలు దాటి వచ్చి పారిస్‌లో ఒక ఆడదానికి, 'నీ వంటింటి పక్క గదిలో జరిగేది కూడా కళే' అని ధైర్యం చెప్పింది. ఇక్కడ పుస్తకం మూసి కాసేపు కూచున్నాను. నా నవలల్లో అన్నీ వంటింటి గొడవలేనని విమర్శించే పెద్దమనుషులకి ఆ పది బొమ్మలూ చూపించాలనిపించింది.

రెండో బేరగాడు జపానాయనే, హయాషి తాదామసా. 1853లో తకఓకా అనే ఊళ్ళో వైద్యుల ఇంట పుట్టాడు. చదువు పూర్తికాకుండానే 1878 పారిస్ ప్రదర్శనకి దుబాసీగా వెళ్ళాడు. ప్రదర్శన అయిపోయింది, అందరూ ఇంటికెళ్ళారు, ఈయన ఉండిపోయాడు. బొమ్మ చేతికిస్తూ, ఇది ఎవరు వేశారు, ఎప్పుడు వేశారు, ఆ మూల రాసిన అక్షరాలేమిటి అని చక్కటి ఫ్రెంచిలో చెప్పగలిగినవాడు అప్పట్లో పారిస్‌లో ఈయనే. ఎడ్మాన్ గాంకూర్ అనే రచయిత ఉతమారో మీదా, హొకుసాయ్ మీదా పుస్తకాలు రాశాడంటే, పక్కన కూచుని జపాన్ పుస్తకాలు చదివి అర్థం చెప్పింది హయాషియే. తన చేతి మీదుగా వెళ్ళిన మంచి బొమ్మల మీద చిన్న ఎర్ర ముద్ర వేసేవాడు. ఆ ముద్ర ఉంటే సరుకు అసలైనదని ఈనాటికీ నమ్మకం.

ఎంత సరుకు వెళ్ళిందనుకున్నారు? 1890 నుంచి పదకొండేళ్ళలో ఒక్క హయాషి కొట్టుకే 1,56,000 పైచిలుకు అచ్చుబొమ్మలు చేరాయని లెక్క. ఆ అంకె చూసి నాకు నోట మాట రాలేదు. ఒక దేశం గోడల మీంచి, పెట్టెల్లోంచి, అటకల మీంచి అంత వెళ్ళిపోతూంటే ఆపేవాళ్ళు లేరు. మొదట్లో వాటిని ఎవరూ అడగలేదు. అడగడం మొదలుపెట్టేసరికి ఊడ్చుకుపోయాయి. ఆ తర్వాత జపాన్‌లో హయాషిని దేశ సంపద అమ్ముకున్న ద్రోహి అన్నారు.

ఇదిగో, ఇక్కడే నా నిద్ర పోయింది.

మా అమ్మమ్మకి ఒక దుప్పటి ఉండేది. బందరు అద్దకం దుప్పటి. నడుమ పెద్ద చెట్టు, కొమ్మ కొమ్మకీ ఒక రకం పువ్వు, కింద రెండు నెమళ్ళు, చుట్టూ మామిడిపిందెల అంచు. కరక్కాయ నీళ్ళలో ముంచి, చిరివేరు ఎరుపు ఎక్కించిన పాతకాలపు పనితనం. ఉతికిన కొద్దీ రంగు తేరేదట. వేసవి సెలవల్లో డాబా మీద ఆ దుప్పటి మీదే పిల్లలందరం పడుకునేవాళ్ళం. నెమలి ఉన్న వైపు కోసం నేనూ మా పిన్ని కూతురూ జుట్లు పట్టుకున్నాం. ఒకసారి దీపం బుడ్డి ఒరిగి ఒక మూల కాలి చిల్లు పడితే అమ్మమ్మ ఎర్రదారంతో దగ్గరదగ్గరగా కుట్లు వేసి పూడ్చింది. చూపానక, అది కుంకుమ బొట్టులా వచ్చింది.

2003లో అమ్మమ్మ పోయింది. పెద్దకర్మ అయ్యాక ఇల్లు ఖాళీ చేస్తున్నాం. స్కూటర్ మీద ఒకాయన వచ్చాడు. పాత ఇత్తడి, పాత తలుపులు, పాత బట్టలు కొంటానన్నాడు. పరుపు కింద పరిచిన ఆ దుప్పటి చూసి చటుక్కున ఆగాడు. మూల పట్టుకుని తిరగేశాడు. నాలుగొందలిస్తానన్నాడు. పిన్ని నావైపు తిరిగింది. "అమ్మాయ్, చదువుకున్నదానివి. నువ్వు చెప్పు, ఇచ్చెయ్యమంటావా?"

చరిత్ర తీసుకుని బి.ఏ. చదివాను నేను. డచ్చివాళ్ళు బందరు ఎప్పుడొచ్చారంటే పరీక్షలో పేజీన్నర రాశాను. అయినా ఏమన్నానో తెలుసా? "చిరుగుల దుప్పటి ఏం చేసుకుంటాం పిన్నీ, ఇచ్చెయ్యి" అన్నాను.

పదమూడేళ్ళ తర్వాత హైదరాబాదులో ఒక పెద్ద దుకాణంలోకి ఎండకి తాళలేక వెళ్ళాను. లోపల చల్లగా ఉంది. గోడ మీద అద్దాల చట్రంలో చెట్టు, నెమళ్ళు. ఇలాంటివి చాలా ఉంటాయిలే అనుకుంటూ దగ్గరికెళ్ళాను. కింది మూల ఎర్రదారం కుట్లు, కుంకుమ బొట్టంత. ధర 18,000. నా చెయ్యి దానంతటదే అద్దం మీదికి వెళ్ళింది. "టచ్ చెయ్యకండి మేడమ్" అంది అక్కడి అమ్మాయి, మర్యాదగానే. ఆ తర్వాత ఓపిగ్గా, అది జీవవృక్షమనీ, పారశీకం నుంచి వచ్చిన మోస్తరనీ, బందరులో పెద్దల కాలంలో చేసిందనీ, ఎరుపు ఏ వేరు నుంచి వస్తుందో, ఎన్నిసార్లు ఏటి నీళ్ళలో ఉతుకుతారో అన్నీ చెప్పింది. నేను పదిహేనేళ్ళు పడుకున్న దుప్పటి గురించి నాకు పాఠం చెప్పింది! అడక్కుండానే వింటూ నిలబడ్డాను.

ఆ రాత్రి మావారితో, "దొంగ వెధవ, నాలుగొందలకి కొట్టేశాడు" అన్నాను. ఆయన కాసేపాగి, "అతను దొంగిలించలేదోయ్. మీరు అమ్మారు" అన్నారు. నాలుగు రోజులు మాట్లాడలేదు ఆయనతో. ఆ మాట నిజం కాబట్టే మాట్లాడలేదు. స్కూటరాయన మోసం చేశాడా? ధరలో చేసే ఉంటాడు. కానీ ఆ గదిలో ఉన్న ఏడుగురిలో ఆ దుప్పటిని ఆగి చూసినవాడు అతనొక్కడే.

అందుకే హయాషి కథ వదలకుండా చివరిదాకా చదివాను. ఆయన తీసుకెళ్ళడమే కాదు, తిరిగి తేవాలనీ చూశాడు. మొనే, డెగా లాంటివాళ్ళు ఆయనకి స్నేహితులు. జపాన్ బొమ్మలిచ్చి వాళ్ళ చిత్రాలు మారకం పుచ్చుకునేవాడు. అలా పోగేసిన చిత్రాలతో తన దేశంలో ఒక మ్యూజియం కట్టాలని కల. 1900 పారిస్ ప్రదర్శనలో జపాన్ తరఫున ముఖ్య అధికారి కూడా అయ్యాడు. దేశం తిరిగొచ్చి, మ్యూజియం కట్టకుండానే 1906లో కన్నుమూశాడు. ఆ చిత్రాలు 1913లో న్యూయార్క్‌లో వేలానికి పోయాయి.

అయితే కథ అక్కడ ఆగలేదు. హయాషి దగ్గరా, బింగ్ దగ్గరా కొన్నవాళ్ళలో ఆన్రీ వెవేర్ అని పారిస్ నగల వర్తకుడొకడున్నాడు. 1920 ప్రాంతంలో ఆయన దగ్గర దాదాపు ఎనిమిదివేల అచ్చుబొమ్మలు మత్సుకాతా కోజిరో అనే జపాన్ ఓడల వ్యాపారి మొత్తంగా కొని ఇంటికి తీసుకొచ్చాడు. మధ్యలో 1923 భూకంపమూ మంటలూ, 1945 బాంబుల వానా టోక్యోని బూడిద చేశాయి. ఇళ్ళల్లో ఉండిపోయిన బొమ్మలెన్ని కాలిపోయాయో ఎవరు లెక్కపెట్టారు! ఊరు దాటి పరాయిళ్ళల్లో తలదాచుకున్నవి మాత్రం బోలెడు బతికాయి. మత్సుకాతా పోగేసిన పడమటి చిత్రాల్లో మిగిలినవాటితో 1959లో టోక్యోలో మ్యూజియం తెరిచారు. హయాషి కన్న కల ఇంకొకరి చేతి మీదుగా అలా తీరింది. మత్సుకాతా వెనక్కి తెచ్చిన ఆ అచ్చుబొమ్మలేమో ఇప్పుడు టోక్యో నేషనల్ మ్యూజియంలో ఉన్నాయి.

అదే మ్యూజియంలో ఇంకేమున్నాయో తెలుసా? మన కోరమాండల్ తీరం అద్దకం గుడ్డలు! డచ్చివాళ్ళు ఓడల్లో జపాన్ చేర్చిన గుడ్డల్ని అక్కడ 'సరస' అనేవాళ్ళు. తేనీటి గిన్నెలకి సంచులుగా కుట్టుకునేవాళ్ళు. చిన్న చిన్న ముక్కలు కూడా పారెయ్యకుండా నమూనాలుగా దాచుకునేవాళ్ళు. హికోనే సంస్థానం ప్రభువుల ఇంట తరతరాలుగా దాచిన వందల ముక్కలు ఆ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. మనింట్లో పరుపు కింద పరిచే రకం గుడ్డ అక్కడ పెట్టెలో పెట్టుకున్నారు. వాళ్ళింట్లో చించి పారేసే బొమ్మ పారిస్‌లో అద్దంలో పెట్టుకున్నారు. ఎవరి సొత్తు విలువ వాళ్ళకి పొరుగువాడు వచ్చి చెప్పాలేమో!

ఆ పేజీ చదవగానే ఆగలేక పిన్నికి ఫోన్ చేశాను. ఇప్పుడావిడకి డెబ్భై నాలుగు. అంతా విని, "అయ్యో, దుప్పటి మొత్తం ఎక్కడ పోయిందే! ఓ వైపు అంచు చిరిగిపోతే మా అమ్మ ఎప్పుడో కత్తిరించి భాగవతానికి చుట్టింది. ఆ పుస్తకం మీ అమ్మ పట్టుకెళ్ళిందిగా. మీ ఇంట్లోనే ఉండాలి చూడు" అంది.

దేవుడి మందిరం పైఅరలో ఉంది. అమ్మ పోయాక నేనే తెచ్చి పెట్టాను. పదేళ్ళుగా దులిపి పెడుతున్నానే గానీ చుట్టిన గుడ్డ వంక చూడలేదు! విప్పితే జానెడు వెడల్పు అంచు, మామిడిపిందెల వరస, చివర నెమలి తోకలో సగం. చిరివేరు ఎరుపు ఇంకా ఎర్రగానే ఉంది. మా అమ్మాయిని పిలిచి, దీపం బుడ్డి ఒరిగిన రాత్రి నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. చదువుకున్నదాన్ని నేనేమన్నానో అదీ చెప్పాను. అది గుడ్డ మీద వేలు పెట్టి నెమలి తోక గీత వెంట మెల్లిగా నడిపింది. టచ్ చెయ్యకు అని అనలేదు నేను. మళ్ళీ భాగవతానికే చుట్టి పెట్టాం.

పునుగుల రోజు రాత్రి అన్నాలయ్యాక, బల్ల మీద పెట్టిన కాగితం గుర్తొచ్చి చూస్తే లేదు. పనమ్మాయి ఊడ్చేసి ఉంటుంది, మంచిదే అనుకున్నాను. మర్నాడు ఏదో మాటకి అర్థం చూడబోయి నిఘంటువు తెరిస్తే, మధ్యలో పాత న్యూస్‌పేపరు మడతల నడుమ నూనె అద్ది ఆరబెట్టిన కాగితం. సుజాత కిటికీ మూసి ఉత్తరం చింపుతోంది.

మావారు పేపర్లోంచి తలెత్తకుండానే, "ఏమో, రేపెవడైనా స్కూటర్ మీద వస్తే!" అన్నారు.